నాది కాదన్న పంట

"నాది కాదత్తా. ఇదంతా లూర్దక్కది. నేను సుమ్మా చూసిపోదామని వచ్చినా."

ఆ మాట హైమ నోట్లోంచి జారిపోయింది. చేతిలో నీళ్లు చల్లే పంపు అలాగే ఉంది. చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని ఉంది. మోచేతులదాకా వరిగడ్డి తుంపులు అంటుకున్నాయి. ఊరికే చూసిపోవడానికి వచ్చిన మనిషి వాలకం అలా ఉండదని చంటిపిల్లను అడిగినా చెబుతుంది. షెడ్డు గుమ్మంలో నిలబడ్డ అత్తగారు కనకవల్లమ్మ మాత్రం పైకప్పునుంచి ఉట్లలా వేలాడుతున్న పాలిథీన్ సంచుల్నీ, వాటి కన్నాల్లోంచి చెవుల్లా విచ్చుకుని బయటికి వచ్చిన తెల్లటి పుట్టగొడుగుల్నీ చూస్తూ ఉండిపోయింది.

కిందటి వారం మనం హైమను విడిచివచ్చింది ఈ అబద్ధం దగ్గరే. ఇంట్లో ఆమె చెప్పింది కుట్టు నేర్చుకుంటున్నానని. వాళ్లింటికి రెండు వీధుల అవతల, చింతాద్రిపేటలో కూవం ఏటి ఒడ్డువైపున్న లూర్దుమేరి ఇంట్లో కుట్టుమిషను ఉన్నమాట నిజమే. కాని హైమ దాన్ని ముట్టుకున్నది లేదు. వ్యవసాయ శాఖవాళ్లు ఆడవాళ్ల కోసం పెట్టిన శిక్షణకు పోయి, అరవవాళ్లు కాళాన్ అనే ఈ పుట్టగొడుగుల్ని పెంచడం నేర్చుకొచ్చింది. గడ్డి నానబెట్టి, ఉడకబెట్టి, సంచుల్లోకి ఎక్కించే కష్టం లూర్దుమేరిది. గడ్డి పొరల మధ్య విత్తనం చల్లడం, చెమ్మ చూడడం, కోతకు వచ్చినవి ఏవో చెప్పడం హైమది. పెరటి షెడ్డు లూర్దుమేరిది, చదువు హైమది, వ్యాపారం ఇద్దరిదీ. హైమ మెట్టినిల్లు సౌకార్‌పేట అంగళ్లతో తరతరాలుగా ముడిపడ్డ కోమట్ల ఇల్లు. ఉల్లిపాయ కూడా అడిగి లోపలికి రావాల్సిన వంటిల్లు. పైగా ధనుర్మాసం. పెంటమీద మొలిచే వస్తువని పుట్టగొడుగు పేరు కూడా ఎత్తని కనకవల్లమ్మ, కోడలు కుట్టు నేర్చుకునే చోటు చూద్దామని, చంకలో రవికెగుడ్డ పెట్టుకుని, ఆ రోజు పొద్దెక్కాక చెప్పకుండా వచ్చింది.

గడ్డిగంప దించబోతున్న లూర్దుమేరి చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆమె హైమ ముఖంలోకి చూసింది. తర్వాత గంపను నెమ్మదిగా నేలమీద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

"ఆమామ్మా, నాదే," అంది కనకవల్లమ్మతో. "హైమమ్మ పావం, నేను పిలిస్తే వచ్చింది. ఆమెకు దీంతో ఏమీ లేదు."

హైమమ్మ. ఇన్ని నెలల్లో లూర్దుమేరి ఎన్నడూ ఆమెను అలా పిలవలేదు. హైమా అనేది, కోపం వస్తే ఏమే అనేది, మొదటి సంచిలో మొదటి పుట్టగొడుగు తల ఎత్తిన రోజున నా తల్లీ అని కూడా అంది. ఒక్క అక్షరం చేర్చి ఆమె ఇప్పుడు హైమను ఎక్కడో ఎత్తున కూర్చోబెట్టి, తాను కిందికి దిగిపోయింది. అదీ హైమను కాపాడడానికే. హైమకు ముఖం మీద వేడి ఆవిరి కొట్టినట్లయింది. కాదక్కా, మనది అని అనడానికి ఒక్క గుక్క ఊపిరి చాలు. ఆ గుక్క ఆమె తీసుకోలేదు.

"పద, ఇంటికి పోదాం," అంది కనకవల్లమ్మ.

అప్పుడే వీధి తలుపు దబదబా మోగింది.

* * *

వచ్చింది కన్నియప్పన్. వీధి మలుపులో అద్దె సైకిళ్ల అంగడి అతనిది. ఎప్పుడు చూసినా సైకిలు చక్రం ముందు గొంతుక్కూర్చుని ఏదో పాట గొణుక్కుంటూ ఉండే మనిషి. ఇప్పుడు చొక్కా గుండీలు పెట్టుకోలేదు, కళ్లు ఎర్రగా ఉన్నాయి, కాళ్లకు చెప్పులు కూడా లేవు. అతని వెనకాలే కుళాయి దగ్గర నీళ్లు పట్టుకుంటున్న ఆడవాళ్లు బిందెలు అక్కడే వదిలేసి లోపలికి వచ్చారు.

"లూర్దూ! నా మంగళకు ఏం పెట్టినావు?" అని అరిచాడు.

లూర్దుమేరికి అర్థం కాలేదు. "ఏమైంది మంగళకి?"

"నిన్న నువ్విచ్చిన కాళాన్ వండుకుని తిన్నది. అంతే. అప్పట్నుంచీ వాంతులు. తెల్లారేసరికి చేతులు వణకతా ఉండాయి, కళ్లు తిరగతా ఉండాయంటాది. ప్రసవాల ఆసుపత్రిలో చేర్చి వస్తుండా. లోపల బిడ్డ ఎట్టుండాదో డాక్టరమ్మ చెప్పలేనంటా ఉండాది."

కన్నియప్పన్ భార్య మంగళకు ఆరో నెల. నోటికి ఏదీ సహించడంలేదని, ఒక్క కాళాన్ వేపుడు తినాలని ఉందని ఆమె పక్కింటి గోడమీదినుంచి అడిగితే, లూర్దుమేరి సంచుల మధ్య వెతికి, లేతవి ఏరి కోసి, ఆకులో చుట్టి ఇచ్చింది. హైమ పక్కనే ఉంది. ఆకు కట్టడానికి నార తెచ్చి ఇచ్చింది కూడా హైమే.

హైమ చేతిలో పంపు బరువెక్కింది. ఆమె దాన్ని మెల్లగా కింద పెట్టింది.

"కాళాన్ వల్ల కాదు కన్నియప్పా," అంది లూర్దుమేరి. గొంతులో కంగారు ఉందిగాని భయం లేదు. "మా ఇంట్లో మేము తినేది కూడా ఇదే. దీనికి ఎరువు లేదు, మందు లేదు. ఉడికిన గడ్డి, మంచినీళ్లు. అంతే. ఆసుపత్రికి పోదాం పద, నేను కూడా వస్తా."

"నువ్వు రావద్దు! ఆడికొచ్చి ఇంకేం పెడతావు?"

ఆడవాళ్లలో ఎవరో అన్నారు, కూవం మురుగునీళ్లు చల్లుతుందేమో అని. ఇంకెవరో చెత్తకుప్పల మీదివి ఏరుకొచ్చి కలుపుతుందేమో అన్నారు. ఇల్లుగల ఆడది ఇలాంటి పాడువస్తువు ఇంట్లో పెంచుతుందా అన్నది మరో గొంతు. నిన్నటిదాకా లూర్దుమేరి దగ్గర రవికెలు కుట్టించుకున్నవాళ్లే. పండగనాడు ఆమె ఇచ్చిన కేకు తిన్నవాళ్లే.

హైమ ఆ గుంపుకూ అత్తగారికీ నడుమ గోడకు ఆనుకుని నిలబడింది. ఆ పెరట్లో ఆమెకొక్కతికే తెలుసు.

మొన్న ఈగలు పట్టాయి. కంటికి ఆనీ ఆనని నల్లటి చిన్న ఈగలు. సంచుల చుట్టూ ముసిరి, మొలకలమీద వాలి గుడ్లు పెడతాయి. అవి వాలిన చోట పుట్టగొడుగు గోధుమరంగు తిరిగి మెత్తబడిపోతుంది. ఇలాంటివి పట్టకుండా చూసుకోవడం నా పని అని మొదటి రోజే లూర్దుమేరికి గొప్పగా చెప్పింది హైమ. శిక్షణలో నాకంటే బాగా చెప్పినవాళ్లు లేరని మాస్టారు మెచ్చుకున్నారని కూడా చెప్పింది. ఇప్పుడు వరసకు వరస పాడైపోతుంటే, నాకు చేతకాలేదు అక్కా అనడానికి నోరు రాలేదు. ఇంటికి పోయి, చీమలకని అటకమీద దాచిన గమాక్సిన్ డబ్బా కొంగు చాటున తెచ్చింది. మొదట నేలమీద చల్లింది. తర్వాత మూలల్లో చల్లింది. ఈగలు సంచులమీదే తిరుగుతుంటే సంచులమీదా చల్లింది. మొలక కనిపించాక ఏ మందూ దగ్గరికి రానివ్వకూడదని మాస్టారు బల్ల గుద్ది మరీ చెప్పారు. ఆ గుద్దిన చప్పుడు కూడా ఆమెకు గుర్తుంది. అయినా చల్లింది. ఈగలు రాలిపోయాయి. సాయంత్రం లూర్దుమేరి వచ్చి చూసి, ఏం మాయ చేసినావే అని బుగ్గ గిల్లితే, ఉప్పునీళ్లు చల్లినా అక్కా అని నవ్వింది.

మర్నాడు ఆ సంచుల్లోంచే మంగళకు కోసి ఇచ్చారు. కోసేటప్పుడు హైమకు ఆ డబ్బా గుర్తొచ్చింది. ఆ పైన నీళ్లు చల్లాం కదా, కొట్టుకుపోయి ఉంటుంది అనుకుంది. ఎలాగూ కడుక్కుని వండుతారు అనుకుంది. అంతకంటే ఎక్కువ అనుకోకుండా వేరే మాట ఎత్తి లూర్దుమేరితో గలగలా మాట్లాడింది.

ఇప్పుడూ అలాగే ఆమె మనసు సందుల్లో దూరి దారులు వెతుకుతోంది. కడుపుతో ఉన్నవాళ్లకు వాంతులు అవుతూనే ఉంటాయి కదా. మంగళ ఇంకేదైనా తిని ఉండొచ్చు కదా. తను చల్లింది ఎంత, చిటికెడు కదా. ఒక్కొక్క సాకునూ పట్టుకుని నిలబడాలని చూస్తుంది, అది చేతిలోనే విరిగిపోతుంది. వెంటనే ఇంకోటి పట్టుకుంటుంది.

* * *

"సరే," అంది లూర్దుమేరి. "నేను చెప్తే మీరు నమ్మరు. మీ కళ్లముందరే వండి తింటా. నాకేమన్నా అయితే కదా అప్పుడు చెప్పండి."

ఎవరూ వద్దనలేదు. కన్నియప్పన్ కూడా ఆసుపత్రికి పరుగెత్తాల్సినవాడు ఆగిపోయాడు. లూర్దుమేరి షెడ్డులోకి వెళ్లి, నిన్న కోసిన వరసలోంచే, అదే సంచినుంచి పుట్టగొడుగులు తెంపుకొచ్చింది. అందరికీ కనిపించేలా చేట ఎత్తి చూపించింది. పెరట్లో గడ్డి ఉడకబెట్టే పొయ్యి ఇంకా కణకణలాడుతూనే ఉంది. దానిమీద మూకుడు పెట్టింది. నూనె పోసింది. సాంబారు ఉల్లిపాయలు నాలుగు చితక్కొట్టి వేసింది. చేతులు చకచకా ఆడుతున్నాయి. తన వస్తువుమీద తనకున్న నమ్మకం ఆ చేతుల్లో కనిపిస్తోంది. తన షెడ్డు, తన గడ్డి, తన హైమ. అందులో దేన్నీ ఆమె అనుమానించలేదు.

నూనె చిటపటలాడింది. కమ్మటి వాసన లేచింది. ఉల్లిపాయ వాసనకు కనకవల్లమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది గాని, కదలలేదు.

మూకుడులో గరిటె తిప్పుతూ లూర్దుమేరి తల ఎత్తింది.

"హైమమ్మా, నువ్వు చదువుకున్నదానివి. పుస్తకాల్లో చదివుంటావు. మందు లేకుండా పెరిగే వస్తువే కదా ఇది? నువ్వు చెప్పు వీళ్లకి. పెద్దింటి దానివి, నువ్వు చెప్తే వింటారు."

ఆ స్థితిలో కూడా ఆమె శిక్షణ మాట ఎత్తలేదు. నువ్వూ నేనూ అనలేదు. హైమ గుట్టు హైమకంటే జాగ్రత్తగా కాపాడుతూనే సాయం అడిగింది.

అందరి కళ్లూ హైమ మీదికి తిరిగాయి. అత్తగారి కళ్లు కూడా.

"ఆమాక్కా," అంది హైమ. "మందేమీ... మందేమీ ఉండదు."

ఆ మాటతో గుంపులో సద్దు అణిగింది. అంత మర్యాదస్తుల ఇంటి కోడలు చెబుతుంటే నిజమే అయి ఉంటుందని ఒకరిద్దరు తలలు కూడా ఊపారు. కన్నియప్పన్ భుజాలు జారిపోయాయి. కోపం పోయి, దాని అడుగున ఉన్న భయం పైకి తేలింది. "అట్టయితే దేనివల్ల?" అన్నాడు, ఎవరితోనూ కాదు. "ఏం పడింది దాని కడుపులో? డాక్టరమ్మ అదే అడగతా ఉండాది. ఏం తిన్నదో తెలిస్తేనే మందు ఏదో తెలిసేది అంటాది. నేనేం చెప్పేది?"

హైమ ఆ మాట విన్నది. విన్నా నిలబడే ఉంది. తర్వాతెప్పుడూ ఆమె తనను క్షమించుకోలేకపోయింది ఆ కొద్దిసేపటికే. మంగళ మంచంమీద వణుకుతూ ఉంది. ఆమెకు ఏం మందు ఇవ్వాలో తేల్చే మాట ఇక్కడ హైమ నోట్లో ఉంది. అయినా ఆమె ఆలోచిస్తున్నది, అత్తగారు ఇంటికి పోయాక ఏమంటుంది అని. సౌకార్‌పేటలో మామగారి వైపు బంధువులు ఏమనుకుంటారు అని.

లూర్దుమేరి వేపుడును అల్యూమినియం పళ్లెంలోకి వంచింది. గుంపు మధ్యలోకి వచ్చి నిలబడింది. ఊదుకుని, మూడు వేళ్లతో ముద్ద తీసింది. సిలువ గుర్తు వేసుకుంది. నోటిదాకా ఎత్తింది.

హైమ ఎప్పుడు కదిలిందో ఆమెకే తెలియదు. పళ్లెం గోడకు తగిలి గిరగిరా తిరుగుతూ పడింది. వేడి నూనె ఆమె ముంజేతి మీద చిందింది. లూర్దుమేరి మణికట్టు ఆమె పిడికిట్లో ఉంది. ఆ వేళ్ల మధ్యనుంచి పుట్టగొడుగు ముక్కల్ని తన చేత్తోనే కెలికి కింద పడేస్తోంది.

"తినొద్దక్కా! మందుంది దాంట్లో. నేనే చల్లినా."

పొయ్యిలో కట్టె ఒకటి చిట్లింది.

"ఏం మందు?" అన్నాడు కన్నియప్పన్.

హైమ షెడ్డులోకి పరుగెత్తింది. తడిపి ఆరేసిన గోనెపట్టాల వెనక, ఇటుక సందులో దూర్చిన డబ్బా తీసుకొచ్చింది. అతను దాన్ని ఆమె చేతిలోంచి లాక్కున్నాడు. కొడతాడనుకుంది. కొట్టి ఉంటే బాగుండేది. అతను డబ్బామీది పేరును పెదవులు కదుపుతూ ఒక్కసారి చదువుకుని, ఆమె వైపు చూశాడు.

"ఇది ముందే చెప్పుంటే..." అన్నాడు. డబ్బా పట్టుకుని వీధిలోకి పరుగెత్తాడు. కాసేపటికి సైకిలు గొలుసు చప్పుడు దూరమైంది.

* * *

గుంపు వెంటనే పోలేదు. ఏ తిట్లకు హైమ సిద్ధపడిందో అవి రాలేదు. ఆడవాళ్లు ఆమెను ఊరికే చూశారు. ఇంతకుముందు లూర్దుమేరిని నోటికొచ్చినట్లు అన్నవాళ్లు హైమను ఒక్క మాట కూడా అనలేదు. ఆమె కట్టుకున్న చీరా, మెళ్లో గొలుసూ, గుమ్మంలో నిలబడ్డ అత్తగారూ వాళ్ల నోళ్లు కట్టేశాయి. ఆ మర్యాద ఆమెకు చెంపదెబ్బలా తగిలింది. ఒకరి వెనక ఒకరు తమ బిందెల దగ్గరికి వెళ్లిపోయారు.

మిగిలింది ముగ్గురు.

లూర్దుమేరి పొయ్యి పక్కనున్న పీటమీద కూర్చుంది. కుడిచేతి వేళ్లు విడిగా పట్టుకుని ఉంది, వాటికి అంటిన నూనెను తన ఒంటికి గాని బట్టకు గాని తగలనివ్వకుండా. హైమ చెంబుతో నీళ్లు తెచ్చి పోయబోయింది. లూర్దుమేరి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఈగలు పట్టినాయని నాతో చెప్పుంటే ఏమయ్యుండు?" అని అడిగింది. అరవలేదు. తెలుసుకోవాలని అడుగుతున్నట్లే అడిగింది. "ఈ కోత పోయుండు. అంతే కదా హైమా? గడ్డి మళ్లీ ఉడకబెట్టుకునేవాళ్లం."

"నాకు చేతకాలేదంటావని..."

"నేనా?"

హైమ తల వంచుకుంది. చేతకాలేదని లూర్దుమేరి అనదు. ఎన్నడూ అనలేదు. ఆ మాట అన్నది హైమలోని హైమే.

"మంగళకు నా చేత్తో ఇచ్చినా," అంది లూర్దుమేరి. "లేతవి ఏరి ఏరి ఇచ్చినా. నువ్వు నార తెచ్చిచ్చినావు." హైమ వైపు తిరిగింది. "సరే, అప్పుడు నీకు తెలీదనుకుంటా. కడిగితే పోతాదనుకున్నావు. దాన్ని కూడా మింగతా. కాని ఇప్పుడు, ఈడ, అందరి ముందర నిన్ను అడిగినా కదా. మందు లేదు అన్నావు కదా. నేను మూకుడు పెట్టిందీ చూసినావు, నూనె పోసిందీ చూసినావు, నోటిదాకా ఎత్తేదాకా చూసినావు. అప్పటిదాకా ఏం ఆలోచన చేస్తా ఉండావు హైమా?"

జవాబు ఉంది. కాని అది పలికే మాట కాదు. నా అత్తగారు చూస్తుందని ఆలోచించానక్కా. నువ్వు చావకుండా ఉంటే చాలని కాదు, నా గుట్టు బయటపడకుండా ఉంటే చాలని ఆలోచించాను. హైమ నేలమీద కూర్చుండిపోయింది. ముంజేతి మీద బొబ్బ లేస్తోంది. అది మంట పుడుతున్నందుకు ఆమెకు కొంచెం ఊరటగా ఉంది.

కనకవల్లమ్మ గుమ్మం దిగి పెరట్లోకి వచ్చింది. పడిపోయిన పళ్లెం దగ్గర ఆగింది. ఆవిడ ఇంట్లో గట్టిగా మాట్లాడే మనిషి కాదు. కంచంలో నెయ్యి తగ్గిస్తే చాలు, కోపం వచ్చిందని ఇంటిల్లిపాదికీ తెలిసిపోతుంది.

"నీది కాదన్నావు," అంది కోడలితో.

"నాదేనత్తా. సగం నాది. మొదట్నుంచీ."

"కుట్టు?"

"లేదత్తా."

"ఈమె మీద తోసినావు. ఈమె మోసింది." కనకవల్లమ్మ లూర్దుమేరి వైపు తిరిగింది. చేతులెత్తి దణ్ణం పెట్టలేదు గాని, తల కొద్దిగా వంచింది. హైమ పెళ్లయి వచ్చాక ఆవిడ తల బయటివాళ్ల ముందు వంగడం చూడలేదు. "పెంట మీద మొలిచేదాన్ని ముట్టుకున్నావని కాదు నాకు. ముట్టుకుంటే తలకు పోసుకుంటాం. ఈ పని దేంతో కడుక్కుంటావు?"

హైమ రెండు చేతుల్లో ముఖం దాచుకుంది.

లూర్దుమేరి వినడంలేదు. వేళ్లవైపు చూసుకుంటూ తనలో తాను ఏదో లెక్క వేసుకుంటోంది. "నిన్న మంగళకు. నిన్న ఇంకెవరికీ ఇయ్యలేదు. పొద్దున..." అని ఉలిక్కిపడి లేచి నిలబడింది. "పొద్దున అంతోని పట్టుకుపోయినాడు! అయ్యో మాతా! ఆ పొట్లం!"

అంతోని ఆమె మొగుడు. సౌకార్‌పేట అంగళ్లకు రిక్షాబండిలో సరుకు చేరవేస్తాడు.

"ఏ పొట్లమక్కా? పొద్దున ఆర్డరేమీ లేదు కదా?"

లూర్దుమేరి హైమను చూసింది, కనకవల్లమ్మను చూసింది.

"మీ ఆయనకు," అంది.

హైమకు ఆ రెండు మాటలూ విడివిడిగా వినిపించాయి. కలవలేదు.

"పతి సారుకు అంతా తెలుసు హైమా. ఎప్పుడో తెలుసు. అంతోనిని బజార్లో పట్టుకుని అడిగినాడు. నా దగ్గరికొచ్చి, నాకు తెలుసని హైమకు చెప్పొద్దు, తెలిస్తే సిగ్గుపడి మానేస్తాది అన్నాడు. అప్పట్నుంచి వారానికొక పొట్లం తీసుకుంటాడు. ఆయన అంగడి పక్కన చిన్న మెస్సుంది చూడు, ఆడ ఇచ్చి వండించుకుంటాడు. ఇంటికి తెచ్చేదానికి లేదు కదా."

కనకవల్లమ్మ చంకలో రవికెగుడ్డ జారి తడినేలమీద పడింది. ఆవిడ వంగి తీసుకోలేదు.

"నా కొడుకా?" అంది. వెంటనే ఆ ప్రశ్నను పక్కకు నెట్టేసినట్లు చెయ్యి విదిలించింది. "వాడు భోజనానికి పోయేవేళ అయింది. ఫోను యాడుంది ఈడ?"

* * *

వీధి చివర యతిరాజులు అచ్చుయంత్రాల అంగడిలో ఫోను ఉంది. ముగ్గురూ పరుగులాంటి నడకతో వెళ్లారు. వీధిలో తలలు తిరిగాయి. ధనుర్మాసంలో మడి పాటించే కనకవల్లమ్మ, గడ్డి అంటుకున్న చేతుల కోడలి మణికట్టు పట్టుకుని లాక్కుపోతుంటే చూడనివాళ్లు లేరు. యతిరాజులు ఏమీ అడగకుండా ఫోను ముందుకు జరిపి, యంత్రం ఆపమని లోపలికి కేక వేశాడు.

హైమ భర్త అంగడి నంబరు తిప్పింది. వేలు రెండుసార్లు జారింది. మూడోసారి గంట మోగింది. మోగుతూనే ఉంది. తర్వాత ఎవరో తీశారు. వెంకటాచలపతి కావాలంది. మెస్సులో ఉన్నాడు, పిలుస్తాను, పట్టుకోండి అన్నారు. అవతల బస్తాలు దించే చప్పుడు, ఎవరో నవ్వడం.

"హైమా?" అంది భర్త గొంతు. కొంచెం రొప్పుతూ, సంతోషంగా ఉంది ఆ గొంతు. "నువ్వా ఫోను చేసింది? ఇంట్లో అందరూ బాగుండారు కదా?"

"మీరు భోంచేసినారా?"

"ఇదో, కూర్చునుండా."

"ఏం కూర?"

అవతల చిన్న నిశ్శబ్దం. హైమ కళ్లు మూసుకుంది. అబద్ధం తయారవడానికి ఎంతసేపు పడుతుందో ఆమెకు తెలిసినంత బాగా ఇంకెవరికి తెలుసు.

"ఏముంటాది," అన్నాడు అతను తేలిగ్గా. "సాంబారు, రసం. ఎప్పుడూ ఉండేదే. ఎందుకు?"

ఆమె పరువు కోసం ఆయన ఆడుతున్న అబద్ధం అది. ఆమె పక్కన లూర్దుమేరి ఉంది. ఇటుపక్క అత్తగారు ఉంది. యంత్రం ఆపిన పనివాళ్లు తలుపు దగ్గర గుమిగూడి వింటున్నారు. ఈసారి హైమ గొంతు తగ్గించలేదు.

"కాళాన్ వండించినారు. నాకు తెలుసు. అవి నేను పెంచినవి. నేనే వాటిమీద పురుగుల మందు చల్లినా. ఎవరికీ చెప్పలేదు. మంగళ తిని ఆసుపత్రిలో ఉండాది. మీరు నోట్లో పెట్టుకున్నారా లేదా, నాకు నిజం చెప్పండి."

అందాకా వినిపించిన నవ్వులు ఇంకా వెనకనుంచి వస్తూనే ఉన్నాయి. మెస్సులో ఎవరో ఇంకొంచెం వెయ్యమని అడుగుతున్నారు.

"నేనింకా చెయ్యి పెట్టలేదు," అన్నాడు వెంకటాచలపతి. ఆ గొంతులో సంతోషం లేదు, రంగు లేదు. "అంగడివాళ్లంతా తినేసినారు హైమా. నేనే అందరికీ వడ్డించినా. నా భార్య పండించిందని చెప్పి."